మేస్త్రి ఒంటిమీద తెల్లంగి

“వంటింట్లకు పోవాలంటే మా తాత మీద కాలు పెట్టి పోవాలె. ఎత్తుతరా, ఎత్తరా?”

నా భార్య శ్రీలత ఈ మాట అడగడం పొద్దుటి నుంచి నాలుగోసారి.

నేను ఎత్తలేదు. ఎత్తుదామన్నా వీల్లేదు. ఫ్లెక్సు అంచు మీద శివమ్మ కూర్చుని ఉంది.

పద్దెనిమిది అడుగుల ఫ్లెక్సు అది. సోఫా దగ్గర మొదలై వంటింటి గడప దాకా పరుచుకుంది. రేపు ఆదివారం మా మిషన్ బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనం. బడి చరిత్ర రాసింది నేనే, ఫ్లెక్సు వేసింది పటాన్‌చెరు రోడ్డు మీద ఉన్న నా దుకాణంలోనే. నిన్న సాయంత్రం అది యంత్రంలోంచి జానెడు జానెడుగా బయటికి వస్తుంటే, నా క్లాస్‌మేట్ యాదన్న వాళ్లమ్మ శివమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. శివమ్మ చూసింది. ముందు నవ్వింది. ఆ తరువాత, “ఈయన ఫాదర్ ఏంది బిడ్డా, మా ఇంటాయన గదా” అంది.

ఆ ఒక్క మాటకు ఫ్లెక్సు బడికి పోకుండా నా ఇంటికి వచ్చింది, దాని వెనకే తల్లీకొడుకులూ వచ్చారు. పొద్దుటి నుంచి పొయ్యి సరిగ్గా వెలగలేదు.

ఆ ఫ్లెక్సు మీది ఫోటో గురించి మా ఊళ్లో తెలియనివాళ్లు లేరు. వాన పడుతూ ఉంటుంది. తవ్విన పునాది గుంత పక్కన తెల్లంగి వేసుకున్న పొడుగాటి మనిషి నిలబడి ఉంటాడు. ఆయనకెదురుగా గొడుగును భుజానికి ఆనించి, రెండు చేతులూ జోడించిన కిష్టయ్య పటేలు. అంటే శ్రీలత తాత, బడికి భూమి ఇచ్చిన మనిషి. తెల్లంగి మనిషి బడి పెట్టిన జోజప్ప ఫాదర్ అని నలభై ఏళ్ల పాటు హెడ్మాస్టరు గదిలో పటం కట్టి పెట్టారు. అదే ఫోటో మా అత్తగారింటి హాల్లోనూ ఉంది. పండక్కి పండక్కి దానికీ ఒక దండ పడుతుంది.

“అవ్వా, నీకు ఎనభై దాటినయి. కండ్లు మసకలొచ్చి ఉంటయి” అంది శ్రీలత, వీలైనంత మెత్తగా.

“మసకలే బిడ్డా. అందుకే గింత పెద్దగ చేస్తే గని కనవడలే.”

యాదన్న గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఫార్మా కంపెనీలో బాయిలర్ ఆపరేటరు, ఫస్ట్ షిఫ్టుకు సెలవు పెట్టి వచ్చాడు. తల్లి మాటకు నవ్వబోయి, శ్రీలత ముఖం చూసి ఆపుకున్నాడు.

నేను వ్యాపారిని. సరుకులో లోపం ఉంటే అది కొన్నవాడి కన్నా ముందు నాకు తెలియాలి, అది నా పద్ధతి. అందుకే నిన్ననే కంప్యూటర్‌లో ఆ ఫోటోను ఎంత పెద్దది చేయవచ్చో అంత చేసి చూశాను. మనిషి ముఖం వానలో కరిగిపోయింది, దాంతో ఏమీ తేలదు. కానీ ఫాదర్ల అంగీ పాదాల దాకా ఉంటుంది, ఇది మోకాళ్ల కింద జానెడు దూరంలోనే ఆగిపోయింది. కాళ్లకు చెప్పుల్లేవు. కుడిచేతి నుంచి వేలాడుతున్నది జపమాల అని మాకు చెప్పేవారు. “వానలో కూడా ఫాదర్ జపమాల వదలలేదు” అని ప్రతి ఏటా స్థాపక దినం నాడు హెడ్మాస్టరు చెప్పేవాడు. నేను రాసిన చరిత్రలోనూ ఆ వాక్యం ఉంది. కానీ జపమాలకు సిలువ ఉండాలి కదా. దీనికి లేదు. దారం చివర మొన తేలిన ఇనుప గుండు ఉంది. గోడ నిలువుగా వచ్చిందో లేదో చూడటానికి మేస్త్రీలు పట్టుకునే తూకం గుండు.

ఆ సంగతి శ్రీలతకు చెప్పాను. ఆమె నా వైపు చూసిన చూపులో, చెప్పకుండా ఉంటే నీ సొమ్మేం పోయింది అన్న ప్రశ్న ఉంది.

“అసలు మేస్త్రి ఒంటి మీదికి ఫాదర్ అంగీ ఎట్లొస్తది?” అంది.

శివమ్మ ఫ్లెక్సు మీద చేత్తో నిమిరింది. “పునాది గుంతల నీళ్లు నిండినయి. ఈయన జారి నడుము దాంక బురదల వడ్డడు. ముందే చలిజొరం మనిషి. ఫాదర్ ఉరికిపోయి తన అంగీ తెచ్చి తొడిగిండు. తొడిగి, ‘రాజు లెక్క ఉన్నవు, కదలకు’ అని ఫోటో డబ్బ తీసిండు. ఊర్లె గా డబ్బ ఆయనొక్కనికే ఉండె. అందుకే ఏ ఫోటోల జూసినా ఆయన ఉండడు.”

“మరి మా తాత?”

“గప్పుడే పెద్ద పటేలు వచ్చిండు. వానల దూరంకెల్లి తెల్లంగి కనవడ్డది. ఫాదరే అనుకున్నడు. దండం పెట్టిండు. టక్కుమన్నది డబ్బ.”

 వంటింట్లో కుక్కరు ఒక విజిల్ వేసి ఊరుకుంది.

“జోజప్ప ఫాదర్‌ను రెండేండ్లకే బదిలీ చేసిరి” అన్నాడు యాదన్న. “ఆయన ఎనుక వచ్చినోళ్లు ఆయన్ను సూడనే లేదు. సొరుగుల ఫోటో దొరికింది, తెల్లంగి ఉన్నది, పటేలు దండం పెడుతున్నడు. ఇంకెవరనుకుంటరు?”

“నువ్వేమనుకున్నవు?” అన్నాను.

“నేనా? పదో తరగతిల లీడర్‌ను గదరా. ఎన్నిసార్లు దండేసిన దీనికి! నేను లోపల దండేస్తుంటే మా నాయిన బయట కాంపౌండు గోడ కడుతుండె. కిటికీలకెల్లి సూసి నవ్వుతుండె. నేనేమో నన్ను జూసి మురుస్తున్నడు అనుకున్న.”

ఈసారి శ్రీలతకూ నవ్వు వచ్చింది. వచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చినట్టుంది, గొంతు పెంచింది. “మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే అవ్వా? మీ ఆయన బతికున్నప్పుడే చెప్తే అయిపోతుండె గద.”

“చెప్తే ఏమైతుండె బిడ్డా? పటేలు మా ఇంటాయనకు దండం పెట్టిండని ఊరంత అందురు. పటేలు మనసు కష్టపెట్టుకుంటుండె. నా కొడుకును ఆ బడిల ఉండనిస్తుండెనా?”

  ఎదుటివాడికి ఏం కావాలో నేరుగా అడిగితే సగం గొడవ తగ్గుతుందని దుకాణంలో నేర్చుకున్నాను. అడిగాను.

“ఇప్పుడు నీకేం కావాలె అవ్వా?”

“పేరు” అంది వెంటనే. “రేపు మైకుల ఆయన పేరు ఒక్కసారి చదవాలె. నేనైతే మొగని పేరు పలకరాదు. లగ్గమైనకాడికెల్లి ఒక్కసారి పలకలే, చచ్చిపోయినంక గూడ పలకలే. ఇంకెవలన్న గట్టిగ పలికితే వింటా. గంతే.”

పెద్దరాములు. ఆ పేరు అప్పటిదాకా ఆమె నోట రాలేదని నాకు అప్పుడు తెలిసింది. మా ఇంటాయన, ఈయన, నా కొడుకు తండ్రి. అరవై ఏళ్లకు పైగా ఆ మాటలతోనే సరిపెట్టుకుంది.

బయట కారు ఆగిన చప్పుడు. చంద్రకాంత్ వచ్చాడు. శ్రీలత తమ్ముడు. రేపటి భోజనాలు అతని తరఫునే. అక్క ఫోన్‌లో అంతా చెప్పినట్టుంది, చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టాడు.

“బావా, గా ఫ్లెక్సు అట్లనే కడుదాం. అరవై ఏండ్ల సంది ఫాదర్ అనే అనుకుంటున్నరు. ఇప్పుడు కొత్తగ మనమెందుకు లొల్లి చేసుడు?”

“అది ఫాదర్ కాదని తేలింది గద చంద్రకాంత్.”

“తేలింది ఎవరికి? నీకు, మాకు. ఇంట్లనే ఉండనీ. రేపు నాలుగొందల మంది ముందట, సంగారెడ్డికెల్లి తెల్లాపూర్ దాంక వచ్చినోళ్ల ముందట, మా తాత మేస్త్రికి దండం పెట్టిండని చదువుతవా?”

“మేస్త్రికి దండం పెడితే ఏమైతది పటేలా?” అన్నాడు యాదన్న. గొంతు పెంచలేదు. అడగాలని అడిగినట్టే అడిగాడు.

“నిన్ననలే యాదన్నా. నువ్వు మనోనివి.”

“నన్నంటలేవు. ఎవర్నంటున్నవో వాళ్లు కిందున్నరు జూడు.” ఫ్లెక్సు చూపించాడు.

చంద్రకాంత్ కిందికి చూడలేదు. నేను మధ్యలోకి వచ్చాను. ఇద్దరికీ నచ్చే సరుకు కొట్టులో లేకపోతే ఇద్దరికీ నచ్చకపోయినా నష్టం లేని సరుకు చూపిస్తాం. అదే చేశాను. ఫోటో కింద ‘వ్యవస్థాపకులు జోజప్ప ఫాదర్’ అన్న వరుస తీసేసి, ‘పాఠశాల ప్రారంభ దృశ్యం’ అని మాత్రం అతికిద్దాం అన్నాను. అబద్ధం ఉండదు, లొల్లీ ఉండదు.

“మంచిగున్నది” అన్నాడు చంద్రకాంత్.

“పేరే లేకుంటే మా ఇంటాయనైతే ఏంది, కరెంటు స్తంభమైతే ఏంది బిడ్డా?” అంది శివమ్మ.

నా సరుకు అమ్ముడుపోలేదు.

శ్రీలత నా దగ్గరికి వచ్చి తక్కువ గొంతుతో, “మీరు నాయినను అడగండ్రి. ఆయన వద్దంటే వద్దు. ఆయన సరే అంటే అప్పుడు చూద్దాం” అంది. ఆయన వద్దనే అంటాడని ఆమె నమ్మకం. నిజానికి నాదీ అదే నమ్మకం. ఎవరో ఒక పెద్దమనిషి వద్దంటే నా చేతికి మట్టి అంటదు కదా అనుకుంటూ బండి తీశాను.

మా మామ మల్లయ్య మధ్యాహ్నం నుంచి బడి దగ్గరే ఉన్నాడు. టెంటువాళ్లు కుర్చీలు దింపుతుంటే నీడ ఎటు పడుతుందో చెబుతున్నాడు. డెబ్బై ఏళ్లు. రేపు భూదాత కొడుకుగా ఆయనకు సన్మానం.

బడి ఇప్పుడు బడి కాదు. ఇరవై ఏళ్ల కిందట ఇంగ్లిషు మీడియం బస్సులు ఊళ్లోకి వచ్చాక పిల్లలు తగ్గి తగ్గి, చివరి ఏడాది పదో తరగతిలో పదకొండు మంది మగపిల్లలు మిగిలారు. ఆ మీద మూతపడింది. మిషన్ వాళ్లు వచ్చే ఏడు దాన్ని నర్సింగ్ చదివే అమ్మాయిల హాస్టలు చేస్తారట. ఒకవైపు ఫ్యాక్టరీ కాంపౌండు గోడ, ఇంకోవైపు హైవే. ఆ రెండింటి మధ్య ఎర్రపెంకుల కప్పు మాత్రం అట్లాగే ఉంది. గోడలకు ఎక్కడా పగులు లేదు. ముందెప్పుడూ దాన్ని పట్టించుకోలేదు. ఇవాళ పట్టించుకుని, అరచేత్తో ఒకసారి తట్టి చూశాను.

ఈ బడిలో ఒక పద్ధతి ఉండేది. కూర్చునేది ఎత్తును బట్టి. పొట్టివాడు ముందు, పొడుగువాడు వెనక. ఎవరి ఇంటివాడు అన్నది లెక్క కాదు. నేనూ యాదన్నా ఒకే ఎత్తు కాబట్టే స్నేహితులం అయ్యాం. నీళ్లు కూడా వంతు ప్రకారమే. వంతు వచ్చినవాడు బావిలోంచి తోడి అందరికీ పోయాలి, అందరూ తాగాలి. జోజప్ప ఫాదర్ పెట్టిన పద్ధతి అది. ఆయన ముఖం ఎట్లా ఉండేదో మాకెవరికీ తెలియదు కానీ ఆయన పద్ధతి మాత్రం చివరి రోజు దాకా నడిచింది.

మామను బాదంచెట్టు కిందికి పిలిచి ఫోటో చిన్న కాపీ చేతిలో పెట్టాను. శివమ్మ మాట చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాడు.

“పెద్దరాములే” అన్నాడు.

నేను తెల్లబోయాను. “మీకు తెలుసా మామా?”

“నేను ఆడనే ఉన్న. ఇగో, నాయిన ఎనుక సగం కనవడుతున్న చెయ్యి నాదే. ఎనిమిదేండ్లుంటయి.”

“మరి కిష్టయ్య తాతకు తెలిసిందా?”

“తెల్వక పెట్టిండు దండం. పెట్టినంక ముఖం చూసిండు. పెద్దరాములు గజగజ వణికిండు, అంగీ ఇప్పబోయిండు. ‘ఉంచుకో, చలి పెడుతది’ అన్నడు నాయిన. గంతే. ఒక్క మాట తిట్టలే. ఇంటికొచ్చి మూడు దినాలు ఎవలతోని మాట్లాడలే. అమ్మ పరేషాన్ అయ్యి మంత్రగాన్ని పిలుద్దామనుకున్నది.”

ఆయన నవ్వాడు. టెంటు మనిషి ఏదో అడిగితే చేత్తో ఎడమవైపు చూపించి, మళ్లీ నా వైపు తిరిగాడు.

“నువ్వు చరిత్రల రాసినవు, కిష్టయ్య పటేలు భూమి ఇచ్చి కొడుకును గూడ పంపిండని. నిజమే. కని భూమి ఇచ్చినప్పుడు నన్ను పంపలే. అప్పటికి బడి పెద్దరాములు ఇంటి ముందట పందిరి కింద నడుస్తుండె. ‘ఊరవతలి వాడోళ్ల పిల్లలతోని ఒక్క చాప మీద కూసుంటవా, వాళ్లు తోడిన నీళ్లు తాగుతవా’ అనేటోడు నాయిన. భూమి ఇస్త, పిల్లగాన్ని ఇయ్య. ఫాదర్‌తోని ఖరాకండిగ చెప్పిండు.”

“మరి?”

“నాలుగోదినం పొద్దుగాల్నే నన్ను లేపిండు. పలక చేతుల పెట్టిండు. అమ్మ ఎదురు నిలవడ్డది, పంపనన్నది. నాయిన అన్నడు, ‘నేను దండమే పెట్టిన. వీడు పక్కన కూసుంటె పోయేదేమున్నది’ అని. నేను పోయినంక మిగిలిన పటేండ్లు గూడ ఒక్కొక్కలు పంపిరి. అసలు మన ఊరు ఒక్క చాప మీద కూసున్నది గా దండం తోనే. పునాది రాయితోని కాదు.”

నేను నలభై పేజీల చరిత్ర రాశాను. ఏ ఫాదర్ ఎప్పుడు వచ్చాడు, ఏ గది ఎప్పుడు కట్టారు, ఎంతమంది పాసయ్యారు, అన్నీ ఉన్నాయి. ఈయన చెప్పిన నాలుగు మాటలు అందులో లేవు. సరుకు విలువ కట్టడమే బతుకుగా ఉన్నవాణ్ని, ఏది బరువో ఏది తేలికో తెలుసుకోలేకపోయాను.

“ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు మామా?”

“నాయిన మాట తీసుకున్నడు. ఆయన ఉన్నన్ని దినాలు చెప్పలే. ఆయన పోయినంక...” ఆగాడు. “ఆయన పోయినంక అలవాటయ్యింది. పటం మీద దండ మంచిగ కనవడుతుండె. గదే నా తప్పు. పెద్దరాములు నాకు రోజు ఎదురైతుండె. నమస్తే పటేలా అంటుండె. నేను గూడ నమస్తే అంటుంటి. ఇద్దరికి తెలుసు. ఇద్దరం అనకపోతుంటిమి.”

 ఫ్యాక్టరీ షిఫ్టు సైరన్ మోగింది.

“పేరు మైకుల చదవాలె అన్నదా శివమ్మ?”

“అవును మామా.”

“నేను చదువుత. నువ్వు కాదు, నేనే. అంత చెప్పి చదువుత. కని చంద్రకాంత్‌కు ఇప్పుడే చెప్పకు. వాడు కాళ్లకు అడ్డం పడతడు. మైకు చేతికొచ్చినంక ఎవలేం చేస్తరు?” అని చిన్నపిల్లాడిలా కన్ను కొట్టాడు.

ఇంటికి వచ్చేటప్పుడు బండి తేలిగ్గా నడిచినట్టు అనిపించింది. చాలా రోజులకు అందరికీ లాభం వచ్చే బేరం కుదిరింది. శివమ్మకు పేరు, మామకు బరువు దిగడం, బడికి నిజమైన చరిత్ర. నాకు దక్కిందల్లా ఒక రాత్రి పాటు భార్య దగ్గర నోరు మూసుకోవడం. అంతమాత్రం నేను చేయగలను.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. శివమ్మ, యాదన్న వెళ్లిపోయారు. ఫ్లెక్సు చుట్టి గోడకు ఆనించి ఉంది. చంద్రకాంత్ డైనింగు టేబుల్ దగ్గర రేపు మాట్లాడేవాళ్ల జాబితా రాస్తున్నాడు.

“నాయిన ఏమన్నడు బావా?”

“రేపు చూద్దామన్నడు.”

“నేను అనుకున్న. సరే, ఇది చూడు. నాయినకు మైకు తీసేసిన. గొంతు మంచిగ లేదు, మైకు పట్టిండంటే గంటసేపు వదలడు. శాలువ కప్పుదాం, దండేద్దాం, కూసోబెడుదాం. చరిత్ర నువ్వే చదువు. ఉన్నది ఉన్నట్టు, పుస్తకంల ఎట్లున్నదో అట్లనే.”

కాగితం నా ముందుకు జరిపాడు. మామ పేరు మీద అడ్డంగా గీత. దాని కింద నా పేరు, పక్కన పది నిమిషాలు.

నేను ఆ గీత వంక చూస్తూ కూర్చున్నాను. ఇంకొకరి నోటితో పోవలసిన మాట నా నోటి ముందు వచ్చి నిలబడింది. చదివితే బావమరిదితో పడుతుంది. చదవకపోతే రేపు ముందు వరుసలో కూర్చునే ముసలామె చెవులు నాకోసం ఎదురుచూస్తాయి. ఈ రెండింటిలో ఏది తట్టుకోగలనో తేల్చుకునే లోపలే వంటింట్లోంచి శ్రీలత గొంతు వినిపించింది.

“ఏవండీ, పెద్దరాములు ఇంటిపేరేంది?”

చంద్రకాంత్ కలం ఆగింది.

శ్రీలత చేతులు కొంగుకు తుడుచుకుంటూ గడపలోకి వచ్చింది. పొద్దున ఉన్న ముఖం కాదు అది. నేను లేని మధ్యాహ్నమంతా శివమ్మ దగ్గరే కూర్చుని ఉంటుందని నాకు అప్పుడే తట్టింది.

“ఎందుకక్కా?” అన్నాడు చంద్రకాంత్.

“మన ఊర్లె నలుగురు పెద్దరాములున్నరు రా. వట్టి పేరు చదివితే అవ్వకు తెలుస్తది. మిగిలినోళ్లకు ఎట్ల తెలుస్తది, ఏ పెద్దరాములో?”

తమ్ముడు అక్క వైపు చూశాడు. అక్క నా వైపు చూసింది, ఇంటిపేరు కోసం.